పిలిస్తే వస్తుందా

"సారు మీటింగులో ఉన్నారు, కూర్చోండి" అన్నాడు అటెండరు. ఆమె ఇంకా గుమ్మం దాటనేలేదు. ఏం పని మీద వచ్చారని అడగలేదు, తలైనా ఎత్తలేదు, అంటే తన అడుగుల చప్పుడు కూడా ఈ అటవీ శాఖ ఆఫీసుకి కంఠతా వచ్చేసిందన్నమాట అనుకుంది డాక్టరమ్మ, గోడవారనున్న పొడుగు బల్ల మీద కూర్చుంటూ. బల్లకి ఎడంవైపు మేకు తేలి ఉంటుంది, బట్టలు చింపుతుంది, అందుకని కుడివైపు. కుడివైపు కూర్చుంటే ఎదురుగా ఆ జింక బొమ్మ. ఒకప్పుడు గోధుమరంగు జింకే అయివుంటుంది, కిటికీలోంచి పడే ఎండకి రంగంతా ఎగిరిపోయి ఇప్పుడు నీలం జింక అయింది, నీలం గడ్డిలో నిలబడి నీలం కళ్లతో చూస్తుంటుంది, కింద "అడవి ప్రాణులు మనందరి ఆస్తి" అని రాసి. అందరి ఆస్తీ అయితే తనొక్కత్తే ఎందుకు తిరుగుతోంది కాళ్లరిగేలా? ఊళ్లో కుక్కలకీ పిల్లులకీ సూదులు వేసుకుంటూ, ఆవు ఈనడం కష్టమైతే మోచేతి దాకా చెయ్యి పెట్టి దూడని బయటికి లాగుతూ బతికే పశువుల డాక్టరు తను. ఒక ప్రాణికి జబ్బు చేస్తే ఏం చెయ్యాలో తనకి తెలుసు. ఒళ్లు చేసి, పళ్లు గట్టిపడి, నేనింక వెళ్తానని తలుపు గీరుతున్న ప్రాణిని దాని ఇంటికి పంపడానికి ఏం చెయ్యాలో మాత్రం ఈ ఆఫీసు చెప్పాలి. ఈ ఆఫీసు చెప్పదు. కూర్చోమంటుంది.

తలుపు గీరడం ఈమధ్య మరీ ఎక్కువైంది. పొద్దున్న తను బయల్దేరుతుంటే కూడా గీరుతూనే ఉంది, ముందు కాళ్లు రెండూ తలుపుకి ఆనించి, మనిషిలా నిలబడి. నీటికుక్క పిల్ల. పేరు పెట్టకూడదని తనే అంది, తెచ్చిన రోజే అంది, నీళ్లలోకి పోయేదానికి పేరెందుకని. నెల తిరక్కుండా అత్తగారు దాన్ని తుంటరీ అని పిలవడం, అది లావుపాటి తోక ఈడ్చుకుంటూ పరిగెత్తుకు రావడం మొదలైపోయాయి. తెచ్చినవాడు చేపలు పట్టే మనిషి. బకెట్‌లో వేసి, పైన తడిగుడ్డ కప్పి తెచ్చాడు. "పెద్దదైతే ఇది నా వలలే కొరుకుతుందమ్మా, నాకు తెలుసు. దీని తల్లి వలలో చుట్టుకుని చచ్చిపోయింది. దీన్ని కూడా ఏట్లోకే విసిరేద్దామనుకున్నా. చెయ్యి రాలేదు" అన్నాడు, ఆ చేతి మీద తనకే కోపమొచ్చినట్టు, బకెట్ కూడా వెనక్కి తీసుకోకుండా వెళ్లిపోయాడు. అరచేతిలో పట్టేంత ఉంది. కళ్లు అప్పుడప్పుడే విచ్చుకున్నాయి. బుడ్డి నోరు తెరిచి, ఎక్కడో దూరాన ఎవరో ఈల వేసినట్టు సన్నగా కూసింది, ఆ కూతకి బోనులో ఉన్న కుక్కలు కూడా మొరగడం మానేశాయి. ఆ మర్నాడే తను ఈ ఆఫీసుకి వచ్చింది. మర్నాడే. అది తలుచుకుంటే చాలు ఒళ్లు మండుతుంది. అప్పుడు దానికి మనిషంటే చచ్చేంత భయం, చెయ్యి పెడితే బుస కొట్టి సూదుల్లాంటి పాలపళ్లతో కరిచేది, బొటనవేలి మీద ఆ గాటు ఇంకా ఉంది, తడుముకుంటే తగులుతుంది. ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుంది? ఈ వేలు తీసుకెళ్లి ఏ గుమస్తా బల్ల మీద పెట్టాలి?

ఊరి శివార్లలో ఏరు పాయలు పాయలుగా విడిపోయి, మనిషెత్తు రెల్లు పెరిగిన చిత్తడి ఉంది. దాని పుట్టిల్లు అదే. కాపలా ఉన్న నేల, అనుమతి లేకుండా మనిషి కాలు పెట్టకూడదు, ప్రాణిని తెచ్చి వదలడం మరీ నేరం. మంచిదే. ఆ చట్టమే లేకపోతే ఈపాటికి అక్కడ వరసగా ఇళ్లు లేచి, రెల్లు స్థానంలో బట్టలారేసే తీగలుండేవి, తను కాదనదు. చట్టంతో తనకి పేచీ లేదు. పేచీ అంతా ఆ పక్క గదిలో కూర్చునే గుమస్తాతో, మనసులో తను రేపాయన అని పేరు పెట్టుకున్న మనిషితో, పాపం అతనితో కూడా కాదేమో, అతను పలికే ఆ ఒక్క మాటతో. రేపు రండి మేడం. మొదటిసారి వెళ్లినప్పుడు, నేల మాది కానీ నీళ్లు మావి కావు, ముందు నీళ్లవాళ్ల దగ్గర రాయించుకు రండి అన్నాడు. నీళ్లవాళ్లు ఊరి ఆ చివర. వాళ్లు, నీళ్లు మావే కానీ నీళ్లలో తిరిగే ప్రాణులు మావి కావన్నారు. ప్రాణుల విభాగంవాళ్లేమో ఇదే ఆఫీసులో మేడ మీద ఉన్నారు, అడవిలో ఉన్నవి మావే, మీ ఇంట్లో ఉన్నదానికి మేమెలా బాధ్యులమన్నారు. మెట్లు దిగి మళ్లీ రేపాయన దగ్గరికే వచ్చి, "ముందు కాళ్లు గట్టు మీదా వెనక కాళ్లు నీళ్లలోనూ పెట్టి నిలబడితే అదెవరిదండీ?" అని అడిగింది. నవ్వుతాడనుకుంది. అతను నవ్వలేదు. కళ్లజోడు సర్దుకుని నిజంగానే కాసేపు ఆలోచించి, "దానికి రెండు శాఖలూ కలిసి తనిఖీ చెయ్యాలి మేడం" అన్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో చెబితే లెక్కల మాస్టారు, అంటే ఆయన, తన భర్త, పడీపడీ నవ్వాడు. తనూ నవ్వింది. అప్పట్లో ఇంకా నవ్వొచ్చేది.

తర్వాత రక్తపరీక్ష అన్నారు. చిత్తడిలో ఉన్నవాటికి జబ్బు అంటించకూడదు కదా, సబబే, తనైనా అదే అడిగేది. కానీ పరీక్ష కాగితం వచ్చేసరికి అనుమతులిచ్చే కమిటీ కూర్చోలేదు, కమిటీ కూర్చునేసరికి కాగితానికి గడువు దాటిపోయింది, మళ్లీ గుచ్చండన్నారు. మాస్టారు కాళ్లు పట్టుకుంటే తను సూది గుచ్చింది, నరం దొరక్క రెండుసార్లు గుచ్చాల్సొచ్చింది ఆ పూట. ఇన్ని ప్రాణులకి రోజూ సూదులు వేసే చెయ్యి. అత్తగారు గోడవైపు తిరిగి నిలబడి, ఆ కమిటీలో ఉన్నవాళ్లని పేరు తెలియకపోయినా ఒక్కొక్కరినీ విడివిడిగా తిట్టింది. ఆ తర్వాత పెద్ద సారుకి బదిలీ అయింది. కొత్త సారు వచ్చేదాకా ఏ కాగితమూ కదలదన్నారు. కొత్త సారు వచ్చారు, అన్నీ మొదటినుంచి చూస్తానన్నారట. తల ప్రాణం తోకకి రావడమంటే ఏమిటో, తోకే లేని తనకి తెలిసొచ్చింది.

లోపలి గదిలోంచి నవ్వులు వినిపించాయి. మీటింగన్నారే, నవ్వుకునే మీటింగులు కూడా ఉంటాయా అనుకునేలోపే తలుపు తెరుచుకుని మెడలో కెమెరా వేసుకున్న కుర్ర ఫొటోగ్రాఫరు బయటికొచ్చాడు, చేతిలో కాగితం, దాని మీద ఇంకా తడారని ముద్ర. ఎండబెడుతున్నట్టు కాగితాన్ని గాల్లో ఊపుతూ పక్కన కూర్చున్నాడు, బూటు తాడు కట్టుకోడానికి. పెళ్లికి ముందు జంటలకి ఫొటోలు తీస్తాడట. చిత్తడిలో రెల్లు వెనకాల పొద్దు వాలేటప్పుడు వెలుతురు బంగారంలా ఉంటుందట. "అర్జీ ఎప్పుడు పెట్టుకున్నారు బాబూ?" అని అడిగింది, అడక్కుండా ఉండాల్సింది. "పొద్దున్నే మేడం. సందర్శకులవైపు కదా, దానికి వేరే పద్ధతి. మరి మీరు దేని షూటింగు?" నాది షూటింగు కాదు, ఒక ప్రాణిని దాని ఇంటికి పంపాలి అంది. అతను బూటు తాడు వదిలేసి ఆమె ముఖంలోకి చూశాడు. "ఇంటికి పోవడానిక్కూడా పర్మిషనా మేడం?" వెటకారం లేదు, నిజంగానే తెలియక అడిగాడు. కోప్పడదామన్నా ఆ ముఖం మీద కోపం నిలవలేదు. అతను వెళ్లాక మాత్రం వచ్చింది, బోలెడంత, పొయ్యి మీద పొంగినట్టు. ఆ రెల్లులో నిలబడి ఒకరి నడుం ఒకరు పట్టుకోడానికి ఒక్క పూట చాలింది. అక్కడే పుట్టినదానికి ఇన్నాళ్లూ చాలలేదు.

నీటికుక్కకి ఈత పుట్టుకతో రాదంటే ఎవరూ నమ్మరు. తల్లే పిల్లని మెడ పట్టుకుని ముంచి నేర్పాలి. తల్లి లేదు, కాబట్టి తనే ముంచింది, ఆసుపత్రి వెనక పశువులు తాగే సిమెంటు తొట్టిలో. అది గోళ్లతో ఆమె మోచెయ్యి ఎగబాకుతూ, ఊరు లేచిపోయేలా అరిచింది, ఆ అరుపుకి మాస్టారు చేతిలో సుద్దముక్కతోనే పక్కనున్న బడి నుంచి పరిగెత్తుకొచ్చి "ఏంటది, చంపేస్తావా దాన్ని?" అన్నాడు. చంపను, బతకడం నేర్పుతున్నా అంది. తన గొంతు తనకే కర్కశంగా వినిపించింది. ఎన్ని పూటలు అలా. తడిసి ముద్దయి, వణుకుతూ, ఎవరైతే ముంచారో ఆ మనిషి మెడలోకే దూరేది వెచ్చదనం కోసం. అప్పుడు తోసెయ్యాల్సింది, పుస్తకాల్లో అలాగే ఉంది, ఆరబెట్టి దూరంగా వదిలెయ్యమని. తోసింది కూడా, కొన్నిసార్లు. తర్వాత ఒకనాడు, ఏమీ చెప్పకుండా, ఎవరూ ముంచకుండా, అది గట్టు మీంచి నీళ్లలోకి జారిపోయింది. నేల మీద వంకరటింకరగా గెంతే ఆ ముద్ద నీళ్ల కింద సాగి సన్నటి గీత అయిపోయింది, వెండి బుడగలు వదులుతూ, తొట్టి చుట్టూ ఒక్క తిరుగు తిరిగి మలుపులో గోడకి ముక్కు కొట్టుకుని పైకి తేలింది. తేలి, ముక్కు దులుపుకుని, గోడని చూసింది. ఈ గోడ ఎందుకుందని అడుగుతున్నట్టు. ఆ వేళే అనుకుంది, ఇంక ఆలస్యం కాకూడదని. ఆ వేళ నుంచి ఎన్ని రేపులు అయ్యాయో. మధ్యలో ఒక రేపు, ఒకే ఒక రేపు, కమిటీ ఇంకో నెల దాకా కూర్చోదని చెప్పినప్పుడు, బడికి సెలవిచ్చిన పిల్లలా తన గుండె గంతేసింది. ఇంటిదాకా ఆ సంతోషంతోనే నడిచి, గుమ్మంలో అది కాళ్లకి చుట్టుకోగానే ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. ఆఫీసు మీద కోపం ఆ రోజు నుంచి రెట్టింపైంది, తన వంతు కూడా కలిపి వాళ్ల మీదే వేసింది.

అత్తగారికేం దాపరికం లేదు. మోకాళ్ల నొప్పులతో పెరటి వసారాలో కుర్చీ వేసుకుని పొద్దంతా దానితో కబుర్లే. పెళ్లైన కొత్తలో తోడికోడలు ఏమందో, దానికి తనేం జవాబిచ్చిందో, ఇవ్వాల్సిన అసలు జవాబు ఎన్నేళ్ల తర్వాత తట్టిందో, అన్నీ చెబుతుంది. అది ముందు కాళ్లతో గులకరాయి దొర్లించుకుంటూ వింటుంది. "నేను మాట్లాడుతుంటే మధ్యలో లేచి పోనిది ఈ ఇంట్లో ఇదొక్కటేనే అమ్మాయ్" అంటుంది. అత్తయ్యా, దానికి మన అలవాటు ఎక్కువవుతోంది, అంతగా మాట్లాడకండి అని నెత్తీ నోరూ బాదుకుంది. "నువ్వు మాట్లాడవేంటి మరి, దాని తల దువ్వుతూ?" అని ఎదురడిగింది ఆవిడ.

పోయినసారి రేపాయన గొంతు తగ్గించి, మేలు చేస్తున్నట్టు, ఇదంతా ఎందుకు మేడం, జంతుప్రదర్శనశాలలో ఒక గది ఖాళీగా ఉంది, ఇచ్చెయ్యండి, ఒక్క సంతకంతో అయిపోతుంది అన్నాడు. వెళ్లి చూసింది. చూడకుండా ఉండాల్సింది. అడుగునంతా నీలం రంగు వేసిన సిమెంటు గుంట, మోకాలి లోతు నీళ్లు, పక్క గదిలో ముసలి నీటికుక్క ఒకటి గోడ వెంట నడుస్తోంది. అదే గోడ, అదే మూల, అదే మలుపు, మలుపు దగ్గర ప్రతిసారీ తల ఒకేలా విదిలించడం. ఒక పక్క బొచ్చు రాలిపోయి ఉంది. ఎంతసేపు నిలబడినా అది ఆమెవైపు చూడలేదు. ఎవరివైపూ చూడలేదు. గేటు దాటాక కూడా తన తల ఒక పక్కకి లాగుతున్నట్టే అనిపించింది.

"డాక్టరమ్మా, సారు రమ్మంటున్నారు."

లేచింది. కాలు తిమ్మిరెక్కింది. చెప్పాల్సినవన్నీ వరసగా పెట్టుకున్నవి గుమ్మం దగ్గరే చెదిరిపోయాయి. కొత్త సారు సన్నటి మనిషి, జలుబు చేసినట్టుంది, ముక్కు ఎర్రగా కంది ఉంది, రుమాలు గుప్పిట్లోనే పెట్టుకున్నాడు. ఆయన ముందు తన ఫైలు, తెరిచి ఉంది, మధ్యలో ఉంది, అంటే చదివాడు. ఇన్నాళ్లలో ఈ ఫైలు చదివిన మనిషిని చూడటం ఇదే, దానికే సగం కోపం కరిగి, కరిగినందుకు మళ్లీ కోపమొచ్చింది. ఆయన రక్తం గురించి అడగలేదు, నేల గురించి గానీ నీళ్ల గురించి గానీ అడగలేదు. తుమ్మాపుకుని, ఒకే మాట అడిగాడు.

"పిలిస్తే వస్తుందా?"

రాదు అంటే సరిపోతుంది. రెండక్షరాలు. ఎవరు చూడొచ్చారు, ఏ గుమస్తా తన పెరట్లోకొచ్చి తుంటరీ అని పిలిచి చూస్తాడు? నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. "వస్తుంది సార్. పిలవకపోయినా వస్తుంది" అంది, ఇంక అక్కడినుంచి ఆగలేదు. "అది చంటిపిల్లప్పుడే వచ్చాను నేను ఈ ఆఫీసుకి. అప్పుడు పిలిస్తే కరిచేది. ఇదిగో, వేలు. అప్పుడు మీ వాళ్లు కూర్చోమన్నారు. కూర్చున్నా. నేను ఇక్కడ కూర్చున్నన్నాళ్లూ అది మా ఇంట్లో మనుషుల మధ్య పెరిగింది, మీరు సంతకం పెట్టేదాకా పెరగకుండా ఉండటం దానికి చేతకాలేదు. ఇప్పుడు మచ్చికైపోయింది పనికిరాదంటారా? దాన్ని మచ్చిక చేసింది నేనే కాదు సార్, మీరు కూడా!"

గుమ్మం దగ్గర అటెండరు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. సారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. రుమాలు మడతపెట్టి, తెరిచి, మళ్లీ మడతపెట్టాడు. "నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఒకదాన్ని వదిలామండీ. నేనే వదిలాను. మనుషుల చేతిలో పెరిగింది. మర్నాడు పడవ కనిపిస్తే ఎదురెళ్లింది, ఆడుకోడానికి. పడవలోవాళ్లకి తెలీదు కదా, వలకోసం వచ్చిందనుకున్నారు. తెడ్డుతో కొట్టారు" అన్నాడు. ఎక్కడ కొట్టారో చెప్పలేదు, చెయ్యి మాత్రం దానంతటదే తన నుదుటిదాకా వెళ్లొచ్చింది. ఆమెకి బకెట్ తెచ్చిన మనిషి గుర్తొచ్చాడు. అతనికి చెయ్యి రాలేదు. అందరికీ రాకుండా ఉంటుందా? ఇన్నాళ్లూ తలుపు ఒక్కటే అడ్డమనుకుంది, తలుపు తీస్తే చాలు బతికిపోతుందనుకుంది. "అందుకే ప్రదర్శనశాల" అన్నాడు సారు మెల్లగా. "బతికైనా ఉంటుంది."

"దాన్ని బతకడమనరు సార్. నేను చూశాను." కోపం లేదు ఇప్పుడు ఆ గొంతులో, ఏమీ లేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడి, ఆలోచించుకుంటూనే మాట్లాడింది, ఒక మాట అన్నాక దాని తర్వాతిది తడుముకుంటూ. చిత్తడి అంచున, పడవలు రానివైపు, కొంత నేలా కొంత నీళ్లూ కలిపి కంచె వేద్దాం. లోపల బతికిన చేపలు వదలాలి, చేతికి ఇవ్వకూడదు. ఎవరూ మాట్లాడకూడదు, పిలవకూడదు, పిలుపు మర్చిపోవాలి, మనిషి కనిపిస్తే దూరంగా తప్పుకోవాలి, అప్పుడు కంచె తియ్యాలి. ఎన్నాళ్లు పట్టినా సరే. ఆయన వింటూ వింటూ కలం తీశాడు. చాలాచోట్ల అడ్డుపడ్డాడు, చలికాలం గురించి, కంచె లోతు గురించి, అన్నీ సరైన ప్రశ్నలే, పశువుల డాక్టరుగా తను జవాబులు చెబుతూనే ఉంది. "సరే. లోపలికి ఎవరెవరు వెళ్తారు?" అని అడిగాడు, రాసుకోడానికి.

ఇన్నాళ్లూ ఆమె కొట్లాడింది ఆ చిత్తడి గేటు దాటడానికే. రెల్లు మధ్య ఎక్కడ నిలబడాలో, దాన్ని తీసుకెళ్లే పెట్టె తలుపు ఎటు తిప్పాలో, అది నీళ్లలోకి జారి గీతలా సాగిపోతుంటే ఎంతసేపు చూడాలో కూడా అనుకుని పెట్టుకుంది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుందని కూడా. సారు తలెత్తాడు. ఆయనకి తెలుసు, తనకి తెలుసని కూడా ఆయనకి తెలుసు, అయినా తనే అనాలని ఊరుకున్నాడు.

"మీ వాళ్లనే పంపండి. నేను వెళ్లను సార్" అంది. "నా గొంతు దానికి తెలుసు. నా వాసన తెలుసు."

సంతకం అయింది. ఇంత తేలికైన పనా అనిపించేంత చిన్న సంతకం. కాపీ రేపు తీసుకోండి మేడం అన్నాడు గుమస్తా, తలూపింది. బయట మెట్ల మీద ఎండ కళ్లలో పొడిచింది. గెలిచినట్టు లేదు, ఓడినట్టూ లేదు, పరాయి ఊళ్లో బస్సు దిగినట్టుంది. ఫోను తీసి ఇంటికి చేసింది. అత్తగారు ఎత్తింది, ఫోను పక్కనే ఆ సన్నటి కూత.

"అత్తయ్యా, ఒప్పుకున్నారు."

"ఒప్పుకున్నారా! నిజంగానా! ఒసే తుంటరీ, విన్నావా, నువ్వు..."

"అత్తయ్యా, వద్దు. దాన్ని పేరు పెట్టి పిలవకండి. ఇవాళ్టి నుంచి ఎవరమూ దానితో మాట్లాడకూడదు. ముట్టుకోకూడదు. అది పిలిచినా పలకకూడదు. అలాగైతేనే వదులుతారు. అలాగైతేనే బతుకుతుంది."

అత్తగారి గొంతు, ఎవరికీ వినపడకూడదన్నంత మెల్లగా వచ్చింది. "అది నా ఒళ్లోనే పడుకుని ఉందే అమ్మాయ్. ఏమీ అనకుండా ఎలా దింపను?"

డాక్టరమ్మ ఫోను చెవికి అదిమిపెట్టుకుని ఆ మెట్ల మీదే నిలబడింది. కుర్చీ కిర్రుమన్న చప్పుడు, చేతికర్ర నేల మీద పడ్డట్టుంది, ఆ తర్వాత చిన్న గోళ్లు టపటపమంటూ నాలుగడుగులు వేసి ఆగడం. కూసింది. ఆగి, మళ్లీ కూసింది, ఈసారి కొంచెం గట్టిగా, చివర్న ప్రశ్నలా సాగదీసి. ఆమె పెదాలు వాటంతటవే విడివడ్డాయి. గబుక్కున అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ఇంట్లో ఎవరూ పలకలేదు.